మరపు ముందు సత్యము

భార్య గతించి ఇరువది యేండ్లైనను, ఆమె బసదినుండి ఇంకను రాలేదేమని ఒక వృద్ధ వర్తకుడు రోజూ ఉదయము అడుగును. కొడుకు అసత్య మాడనివాడు; "అమ్మ పోయింది గదా నాయనా" అనును. వృద్ధుడు ఆ మాట అప్పుడే విన్నట్లు ఏడ్చును. మరునాడు మరల అదే ప్రశ్న, అదే శోకము.

ఇది వయసు చాదస్తము కాదు. మెదడును క్షీణింపజేయు వ్యాధి. ఇందు మిక్కిలి సాధారణమైన రూపమును జర్మన్ వైద్యుడు ఆల్జీమర్ 1906లో వివరించెను. క్రొత్త సంగతులు ముందుగా చెరగిపోవును. పాతవి చాలకాలము నిలుచును. అందుచేత నిన్న చెప్పిన మరణవార్త మిగులదు, భార్య మాత్రము మిగులును. ఎన్నిమార్లు చెప్పినను తెలివిడి కలుగదు, బాధయే కలుగును.

మరి బొంకవలెనా? పూజ్యపాదుడు సర్వార్థసిద్ధిలో ప్రాణులకు పీడ కలిగించు పలుకును, అది ఉన్న సంగతియైనను లేని సంగతియైనను, అసత్యమందే చేర్చినాడు. అట్లని "వస్తున్నది" అని తప్పించుకొనుటయు నిజాయితీ కాదు. అది అడిగినవానిని వదిలించుకొను ఉపాయము. కోడలు వేరు దారి పట్టినది. "అత్తగారు మీకేం వండిపెట్టేవారు మామగారూ?" అని అడిగినది. మెంతికూర పప్పు సంగతి చెప్పుచు ఆయన శాంతించెను.

కొడుకు అంగడికి పోయిన పిదప ఆ ప్రశ్నను దినమునకు పదిమార్లు వినునది ఆమె యొక్కతెయే. వారమున కొక్క పూటయైనను అతడు అంగడి మూసి ఆమె స్థానమున కూర్చుండలేదు.