మీ పన్నెండు పేర్లు మీకు తెలుసా?



ఈ వారం వీడియోలో తర్పణం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో సమయం చాలక వదిలేసిన ఒక ముఖ్యమైన విషయాన్ని ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం. ముందు ఒక చిన్న ప్రశ్న. మీ నాన్నగారి తాతగారి పేరేంటి? సరే, తెలుసనుకుందాం. ఆయన భార్య పేరు? మీ అమ్మగారి తాతగారి పేరు?

మనలో చాలామంది ఇక్కడే ఆగిపోతాం. పెళ్ళి కుదిరాక పురోహితులు ప్రవర కోసం మూడు తరాల పేర్లు అడుగుతారు. నాన్నగారు బాబాయికి ఫోన్ చేస్తారు. బాబాయి ఊళ్ళో ఉన్న పెద్దత్తకి చేస్తాడు. పెద్దత్త చెప్పిన పేరే పెళ్ళి పీటల దగ్గర వినిపిస్తుంది. మరి పెద్దత్త లేని రోజున ఎవరికి ఫోన్ చేస్తారు? ఆలోచించండి. ఒక్కోసారి ఒక వంశం జ్ఞాపకమంతా ఒకే ఒక్క ముసలి ప్రాణం మీద ఆధారపడి ఉంటుంది.

తర్పణంలో ఉన్న లెక్క

తర్పణంలో పన్నెండు మంది పితృదేవతలను తలుచుకుంటారు. నాన్న, తాత, ముత్తాత. అమ్మ, నానమ్మ, నానమ్మగారి అత్తగారు. అమ్మ తండ్రి, ఆయన తండ్రి, ఆయన తాత. ఆ ముగ్గురి భార్యలు, అంటే అమ్మమ్మ, ఆవిడ అత్తగారు, ఆ అత్తగారి అత్తగారు. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఈ పన్నెండులో ఆరుగురు స్త్రీలు. మనం గీసుకునే వంశవృక్షాల్లో మగవాళ్ళ పేర్లే ఉంటాయి కానీ, శాస్త్రం మాత్రం సగం స్థానం అమ్మలకే ఇచ్చింది. రెండోది, అమ్మా నాన్నల పేర్లు, తాతలూ అమ్మమ్మా నానమ్మల పేర్లు ఎలాగూ మనకి తెలుసు. అసలు పరీక్ష మిగతా ఆరు పేర్ల దగ్గర.

"మా నాన్నగారు ఉన్నారండీ, నాకు తర్పణం లేదు, ఈ పేర్లు ఇప్పుడెందుకు?" అని మీరు అడగొచ్చు. నిజమే, తండ్రి ఉన్నవాళ్ళకి తర్పణం చేసే పని ఉండదు. భగవంతుడి దయవల్ల ఆ అవసరం ఇంకా చాలా ఏళ్ళ దాకా రాకూడదు కూడా. కానీ ఆ పేర్లు తెలుసుకోవాల్సిన సమయం మాత్రం ఇదే. అవసరం వచ్చిన రోజున అడగడానికి మనిషి ఉండకపోవచ్చు.

అంశుమంతుడు చేసిన పని

భగీరథుడి కథ అందరికీ తెలుసు. కానీ భగీరథుడి కంటే ముందు అంశుమంతుడున్నాడు. ఆయన గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం.

సగరుడి యాగాశ్వం కనిపించకుండా పోయింది. దాన్ని వెతుకుతూ భూమిని తవ్వుకుంటూ వెళ్ళిన అరవై వేల మంది కొడుకులు కపిల మహర్షి కోపానికి బూడిదయ్యారు. వాళ్ళు ఏమయ్యారో ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పుడు సగరుడు మనవడు అంశుమంతుణ్ణి పంపించాడు. వాల్మీకి రామాయణంలో ఆ పిల్లవాడు ఎలా వెళ్ళాడో చూడండి. పినతండ్రులు తవ్విన దారినే పట్టుకుని వెళ్ళాడు. దారిలో కనిపించిన దిగ్గజాలకి ఒక్కొక్కదానికీ నమస్కారం చేసి, మర్యాదగా అడుగుతూ వెళ్ళాడు. చివరికి బూడిద రాశి కనిపించింది. ఏడ్చాడు. నీళ్ళు వదులుదామంటే అక్కడ నీటి చుక్క లేదు. అప్పుడు గరుత్మంతుడు కనిపించి, ఇది మామూలు నీళ్ళతో తీరేది కాదు, గంగ రావాలి అని చెప్పాడు. గరుత్మంతుడెవరు? ఆ సగరపుత్రుల మేనమామ. అంటే తండ్రి వైపు ఎవరికీ తెలియని విషయం తల్లి వైపు నుంచి తెలిసింది!

అంశుమంతుడు గంగను తేలేకపోయాడు. ఆయన కొడుకు దిలీపుడి వల్లా కాలేదు. దిలీపుడి కొడుకు భగీరథుడు తెచ్చాడు. కానీ బూడిద ఎక్కడుందో, దానికి ఏం కావాలో ఒకరు ముందే కనుక్కుని ఉండకపోతే భగీరథుడు గంగను ఎక్కడికి తీసుకెళ్ళేవాడు? ప్రతి తరమూ గంగను తేనక్కర్లేదు. ఆ చోటు ఎక్కడో తెలుసుకుని, తర్వాతి తరానికి చెబితే చాలు. అదీ పితృ రుణం తీర్చడమే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అంశుమంతుడి పద్ధతే మనదీ. దారిలో కనిపించిన పెద్దలందరినీ నమస్కారం పెట్టి అడగడం. అందరికంటే పెద్దవారితో మొదలుపెట్టండి. "మన చరిత్ర చెప్పు నానమ్మా" అంటే "ఏముందిరా చెప్పడానికి" అంటారు. అదే "నువ్వు కాపురానికి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు? మీ అత్తగారిని అందరూ ఏమని పిలిచేవారు? ఆవిడ పుట్టిల్లు ఏ ఊరు?" అని అడగండి. ఇక ఆపడం మీ తరం కాదు. వాళ్ళ అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డ్ చేయండి. అమ్మ వైపు పెద్దవాళ్ళని మర్చిపోకండి. గరుత్మంతుడు గుర్తున్నాడు కదా!

తర్వాత ఇల్లు వెతకండి. అటక మీద ఉన్న ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు కిందికి దించి చూడండి. పుట్టింటివాళ్ళు సారెగా పెట్టిన సామాను మీద అమ్మాయి పేరు చెక్కించడం మనవాళ్ళ అలవాటు. ఏ కాగితం మీదా లేని ముత్తవ్వ పేరు ఒక చెంబు అంచున దొరకొచ్చు. పాత శుభలేఖలు, ఉత్తరాలు, రామాయణం పుస్తకం మొదటి పేజీ చూడండి. పొలం దస్తావేజుల్లో ఫలానావారి కుమారుడు ఫలానా అని ఊరితో సహా రాసి ఉంటుంది. తద్దినం ఏ మాసంలో, ఏ పక్షంలో, ఏ తిథినాడు పెడతారో అడిగి రాసుకోండి. ఆ మనిషి ఎప్పుడు పోయారో చెప్పే రికార్డు అది.

ఆ తర్వాత ఊరు. ఆంధ్రలో పాత అడంగళ్ళు, తెలంగాణలో పహాణీలు చూస్తే భూమి ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకి వచ్చిందో తెలుస్తుంది. గుడిలో దాతల పేర్ల పలకలు చదవండి. ఇంకో గొప్ప సంపద ఉంది మనకి. వంశరాజులని కూడా పిలిచే పిచ్చిగుంట్లవారు ఇంటింటికీ వచ్చి ఇంటిపేర్లు, గోత్రాలు, వంశాలు నోటితోనే చెప్పేవారు. పద్మశాలీలకి కూనపులివారు, మాదిగలకి డక్కలివారు ఇలాగే కులపురాణాలు చెబుతారు. పూర్వీకుల జ్ఞాపకం ఏ ఒక్క కులం సొత్తూ కాదు. దాన్ని మోసినవాళ్ళలో చాలామంది పేదవాళ్ళు. వాళ్ళు మీ ఊరికి వస్తే కూర్చోబెట్టి వినండి, చేతనైనంత ఇచ్చి పంపండి.

మీ వాళ్ళెవరైనా కాశీ, గయ, హరిద్వార్ వెళ్ళారని తెలిస్తే అదీ ఒక దారే. హరిద్వార్, గయల్లోని పండాలు యాత్రికుల పేర్లు, ఊళ్ళు, బంధుత్వాలు పుస్తకాల్లో తరతరాలుగా రాసుకుంటూ వచ్చారు. రైళ్ళు లేని కాలంలోనే మనవాళ్ళు అంత దూరం వెళ్ళారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నంలో బయల్దేరి కాశీ చూసుకుని 1831లో తిరిగి వచ్చారు. ఆయన కాశీయాత్ర చరిత్ర ఈ రోజుకీ చదువుకోవచ్చు.

విదేశాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి ఒక మాట. మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికాల్లోని తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు ఒప్పంద కూలీలుగా ఓడ ఎక్కినవాళ్ళు. మద్రాసు నుంచి 1860లో కూలీలతో నాటాల్ చేరిన మొదటి ఓడ పేరు ట్రూరో. ఆ కూలీల వలస పత్రాల్లో పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు రాసేవారు. అప్పట్లో అది వాళ్ళను లెక్కపెట్టుకోవడానికి రాసిన కాగితం. ఈ రోజు మునిమనవలు సొంత ఊరు వెతుక్కోవడానికి అదే ఆధారమైంది.

దొరికింది నచ్చకపోతే?

వెతికినప్పుడు అన్నీ గొప్పలే దొరకవు. ఎవరో ఆస్తి తగలేసి ఉంటారు. ఎవరో భార్యని వదిలేసి ఉంటారు. పెళ్ళి ఇష్టం లేదని ఇంట్లోంచి పంపేసిన ఒక అత్తయ్య పేరు ఎవరూ పలకరు. అప్పుడేం చేయాలి?

సీతారాముల పెళ్ళి దగ్గర వసిష్ఠుడు ఇక్ష్వాకు వంశం మొత్తం చదివాడు. అందులో అసమంజుడి పేరు ఉంది. ఊరి పిల్లల్ని సరయూ నదిలోకి విసిరేసి, తండ్రి చేతే బహిష్కరణకి గురైనవాడు అతను. శాపం పాలైన కల్మాషపాదుడి పేరూ ఉంది. వియ్యాలవారి ముందు, నిండు సభలో, వసిష్ఠుడు వాళ్ళని దాటేయలేదు. అంశుమంతుడు ఎవరి కొడుకనుకున్నారు? ఆ అసమంజుడి కొడుకే! తండ్రి చెడ్డవాడని కొడుకు ఆగిపోలేదు.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. లేని రాజవంశాలు అంటించుకోకండి, "మా వంశం గొప్పది" అని ఇంకొకరిని తక్కువ చేయడానికి దీన్ని వాడకండి. అయితే ఒక హద్దు ఉంది. ఒక విషయం దగ్గర నానమ్మ కళ్ళు తుడుచుకుని ఊరుకుంటే, మీరూ అక్కడే ఊరుకోండి. ఆవిడ చెప్పిన బాధని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

అసలేమీ దొరకకపోతే?

దత్తత వెళ్ళినవాళ్ళుంటారు. తండ్రి ఎవరో తెలియనివాళ్ళుంటారు. ఊరు వదిలి వచ్చేసి అన్నీ పోగొట్టుకున్న కుటుంబాలుంటాయి. వాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. గోత్రం తెలియనివాళ్ళు కాశ్యప గోత్రం చెప్పుకునే సంప్రదాయం ఉంది. తర్పణం చివర, తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేనివాళ్ళ కోసం కూడా నీళ్ళు వదులుతారు. పేరు తెలియని వాళ్ళకీ మన ధర్మం ఒక దోసెడు నీళ్ళు ఉంచింది. వెతికినా దొరకనివాళ్ళ కోసం ఉంచిన చోటు అది. వెతకడానికి బద్ధకించి వదిలేసినవాళ్ళ కోసం కాదు.

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య వరకు మహాలయ పక్షం. అది వచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారమే ఒక నోటుబుక్కు తీసుకుని, ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేయండి. తెలిసిన పేర్లు రాయండి. ఖాళీలు ఎదురుగా కనిపిస్తాయి. ఆ ఖాళీల్లో ఒక్కటైనా నింపగలిగే మనిషి ఎవరో మీకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటారు. వాళ్ళకి ఫోన్ చేయండి. వీలైతే వెళ్ళి పక్కన కూర్చోండి.

పెద్దల ఆశీస్సులు మీ ఇంటిల్లిపాదికీ ఉండాలని కోరుకుంటూ, స్వస్తి.