తప్పు చెప్పు గడియారము

తెలియక జరిగిన తప్పునకు కర్త ఎవరు? తెలిసిన తరువాత దానిని సద్దు లేకుండ దిద్దివేసినచో చాలునా, నలుగురిలో చెప్పి దిద్దవలయునా? ఈ ప్రశ్నలు చాల పాతవి. కాని యొక చిన్న గడియారము వీనిని మరల మా గడపలోనికి తెచ్చి నిలిపినది. గడియారముల శాస్త్రముతో పాఠకులలో పెక్కురకు పని లేకపోవచ్చును. అయినను కొంచెము ఓపిక పట్టుడని కోరుచున్నాము. ఏలయన ఇందలి ధర్మసూక్ష్మము ఆ యంత్రపు పొట్టలోనే యున్నది.

శ్రీకాకుళము జిల్లాలో వంశధార యొడ్డున నొక ఉన్నత పాఠశాల కలదు. పేరు చెప్పము. అచట గంట కొట్టు నౌకరు విరమించిన పిదప ఆ పనికి మఱియొకరు రాలేదు. మా మిత్రుని మనుమడు, విజయనగరములో ఇంజనీరింగు చదువుచున్న కుఱ్ఱవాడు, ఆ బడికి తన చేతితో నొక విద్యుద్గంటను చేసి యిచ్చెను. అరచేతిలో నిముడు ఆర్డునో బోర్డు ఒకటి. దానిలో వేళకు గంట మ్రోగించు లెక్క వ్రాసి పెట్టినాడు. మొదట ఆ బోర్డులోని స్పందనమునే నమ్మి కాలము లెక్కింపజూచెనట. దానిలో నున్నది స్ఫటికము కాదు, పింగాణి ముక్క. నూటికి అరపాలు వఱకు తప్పవచ్చును, అనగా దినమునకు ఏడు నిమిషములు. రెండు దినములలోనే ఆ సంగతి బయటపడినది. అంతట కాలము లెక్కించుటకే పుట్టిన డి.ఎస్. 1307 అను చిన్న చిప్పును, దానికొక పలుగురాతి స్ఫటికమును, కరెంటు పోయినప్పుడు ఆధారముగా రూపాయి బిళ్లవంటి బ్యాటరీని కొనితెచ్చి తగిలించెను. గోడమీద ఎఱ్ఱని అంకెలు వెలిగినవి: గంటలు, నిమిషములు, సెకండ్లు కూడ. ఊరివారందఱును వచ్చి చూచి మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొన్నవారిలోని వారమే.

పలుగురాయి యనగా మన కొండగట్టులలో కాలికి తగులు రాయియే. దానిని నొక్కినచో విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి; విద్యుత్తు నిచ్చినచో అది యొక నియమముతో వణకును. గడియారములకై ఆ రాతిని, గాయకులు శ్రుతి చూచుకొను రెండు కొమ్మల ఉక్కుకడ్డీ ఆకారమున, బియ్యపుగింజకన్న చిన్నదిగా చెక్కుదురు. అది సెకండునకు 32,768 మారులు వణకును. ఆ సంఖ్యను పదునైదు మారులు సగము చేసిన సరిగా ఒకటి మిగులును; అదియే గడియారపు సెకండు. 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మారిసన్, హార్టన్ అనువారు తొలి స్ఫటికపు గడియారమును కట్టినప్పుడు దానిని నిలుపుటకు గది కావలసివచ్చినది. నేడు కొన్ని రూపాయలకు దొరకుచున్నది.

ఐతే దొరకునది ఎట్టిది? పదిలక్షల సెకండ్లలో ఇరువది వఱకు ముందో వెనుకో కావచ్చునని దాని కర్తలే కాగితముమీద అచ్చువేసి యిత్తురు. దినమునకు అది ఒకటిముప్పాతిక సెకండు. పైగా దానికి ఇరువదియైదు డిగ్రీల చల్లదనమే ఇష్టము. వేడి యెక్కిన వెనుకబడును; వింత యేమన, చలి యెక్కినను వెనుకబడును గాని ముందుకు పోదు. నలువది డిగ్రీలయొద్ద దినమునకు అరసెకండునకు పైగా ఈ విధమున పోవును. మన బడిలో ఆ పెట్టె రేకుల కప్పు క్రింద నుండెను. బోర్డుమీది రాగిగీతల పుణ్యమున మఱికొంత. అన్నియు కలిసి దినమునకు రెండున్నర సెకండ్లకు లోపుగా ఆ గడియారము వెనుకకు జరుగుచుండెను. జూన్ నడుమ సరిచేసి పెట్టినది నవంబరు నడుమకు ఆరు నిమిషములు తగ్గినది.

ఆరు నిమిషములకు ఇంత గ్రంథమా యని అడుగుదురేమో. ఆ బడిలో సాయంకాలపు గంట నాలుగింటికి. నదికి ఎగువనున్న పల్లె పిల్లలు కూడలికి నడచుటకు ఏడు నిమిషములు పట్టును. బస్సు నాలుగుంబదికి. అనగా వారికి దేవుడిచ్చిన గడువు మూడు నిమిషములు. ఆగస్టు వెళ్లుసరికి ఆ మూడును గడియారము తినివేసినది. బస్సు ఒకనాడు ముందు, ఒకనాడు వెనుక వచ్చునది గనుక కొన్ని దినములు అందెడిది, కొన్ని దినములు అందకపోయెడిది. అందువలననే ఎవరికిని గంటపై అనుమానము పుట్టలేదు. ఐదుగురు ఆడపిల్లలు అయిదు కిలోమీటర్లు నడచి, దీపాలు పెట్టువేళకు ఇల్లు చేరుచుండిరి. దారిలో కబుర్లాడుచు కాలయాపన చేయుచున్నారని బడిలో మందలించిరి. ఇంటిలో మఱొక విధముగా అనిరి. దసరా సెలవుల పిమ్మట వారిలో నొకతెను బడికి పంపుట మానిరి.

ఉపాధ్యాయుల జేబులలో ఫోనులు లేవా? ఉన్నవి. కాని గోడమీద సెకండ్లు చూపు గడియారమును ఎవరు సందేహింతురు? మా దృష్టిలో ఆ కుఱ్ఱవాని తొలి దోషము ఇచ్చటనే యున్నది. సెకండ్ల అంకె యొక అలంకారము కాదు, అదియొక ప్రతిజ్ఞ. నెలకు నిమిషమునకు పైగా తప్పు యంత్రము ఆ ప్రతిజ్ఞ చేయదగదు. దినమునకు ఏడు నిమిషములు తప్పిన మొదటి యంత్రము ఎవరికిని కీడు చేయలేదు; దాని తప్పు పెద్దది గనుక తనను తానే పట్టి యిచ్చినది. రెండు సెకండ్ల తప్పు మంచివాని వేషమున నెలల కొలది కూర్చుండెను. బస్సు తప్పులు ముందువెనుకలై ఒకదాని నొకటి కొట్టివేసికొనుచుండగా, దీని తప్పులు ఒకే వైపున అప్పువలె పేరుకొన్నవి.

నవంబరులో కుఱ్ఱవాడు బ్యాటరీ చూచుటకు పోయి, ఫోనుతో పోల్చి, సంగతి గ్రహించెను. వెంటనే దిద్దెను; ఎవరికిని చెప్పలేదు. ఇంటికి వచ్చి తాతగారితో మాత్రము, “తాతా, తప్పు స్ఫటికముది. నే నేమి చేయుదును?” అనెను. మా మిత్రుడు రైలు గార్డుగా పనిచేసి విరమించినవాడు. బండి బయలుదేరుటకు ముందు గార్డు తన గడియారమును స్టేషను గడియారముతో సరిచూచుకొని ఆ వేళను డ్రైవరునకు చెప్పవలెననియు, డ్రైవరు తన గడియారమును దానితో కలుపుకొనవలెననియు రైల్వే నియమము. ఆ నియమమున ముప్పది యేండ్లు బ్రతికినవాడు. ఆయన, “ఒరే, గడియారమును దిద్దితివి, మంచిదే. ఆ పిల్లలమీద పడిన మాటను ఎవరు దిద్దుదురు?” అనెనట.

కుఱ్ఱవాని పక్షమున చెప్పదగినది కొంత లేకపోలేదు. అతడు కావలెనని చేయలేదు. కూలి తీసికొనలేదు. నలుగురిలో చెప్పినచో రేపు మఱియే పిల్లవాడును బడికి ఏమియు చేసి యీయడనియు, ఈ చదువులన్నియు ఇంతేయని ఊరు నవ్వుననియు ప్రధానోపాధ్యాయుడు కూడ భయపడెను. ఆ భయము తేలికగా త్రోసివేయదగినది కాదు. మా మనస్సును ఆ వైపు కొంత మొగ్గినదని దాచనేల?

కాని ఆలోచించిన కొలది మాకొక విషయము తోచినది. స్ఫటికము చేసినవాడు తన తప్పును దాచలేదు. ఇంతవఱకు తప్పుదునని అచ్చువేసి యిచ్చెను. అమ్మినవాడు ఆ కాగితమును పొట్లములో పెట్టలేదు. కట్టినవాడు దానిని వెదకి చదువలేదు. బడివారు అట్టి కాగిత మొకటి యుండునని యెఱుగరు. ఒప్పుకోలు చేతులు మారుచు వచ్చి నడుమ ఎచ్చటనో ఆగిపోయినది. తప్పు మాత్రము ఆగక కడపటివారి కాళ్లవఱకు వచ్చినది. ఆ కడపటివారికి గడియారమును దిద్దు అధికారము లేదు, సందేహించు ధైర్యమును లేదు. ఇట్లు చూడగా స్ఫటికమునకు దోషము లేదు. ఒప్పుకోలు ఎవరియొద్ద ఆగినదో వారిదే దోషము. తెలిసిన తరువాతకూడ ఆపినచో అది రెట్టింపగును.

సరియైన వేళ యన్నదియే మనుష్యుల ఒడంబడికగదా, దానికింత పట్టుదల ఏల యని యొక మిత్రుడు మాతో వాదించెను. నిజమే. అరసవల్లిలో మార్చియందును అక్టోబరునందును స్వామి పాదములు తాకు సూర్యకిరణము మన గడియారములను లెక్కచేయదు. 82½ డిగ్రీల రేఖాంశమును ఆధారము చేసికొని దేశమునకంతకు నొకే వేళను 1906లో ఏర్పఱచిరి; శ్రీకాకుళము ఆ రేఖకు తూర్పున నున్నది. నవంబరు మొదటివారములో ఇచ్చట సూర్యుడు నడిమింటికి వచ్చునప్పటికి గడియారములో 11 గంటల 38 నిమిషములే. సూర్యునితో పోల్చినచో అందఱి గడియారములును తప్పే. అయితే ఆ తేడా పంచాంగము చూచువారికెల్ల తెలిసినది, అందఱికిని సమానమైనది. ఒడంబడిక కనుకనే దానిని ఒకరికి తెలియకుండ నొకరు మార్చరాదు. ఇరుగుపొరుగున 1885లో కట్టిన విజయనగరపు గంటస్తంభము తప్పినను ఊరికంతకు ఒకేవిధముగా తప్పును. బజారులో నిలిచి దానిని తిట్టు హక్కు ప్రతివానికి నుండును. గోడలోపలి పెట్టెను తిట్టు హక్కు ఆ పిల్లల కెవరిచ్చిరి?

మన ప్రాంతమున దీనికి మంచి పూర్వాచారమే కలదు. విశాఖపట్టణములో గోడే వేంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున సొంత ధనముతో వేధశాలను కట్టిరి. ఆయన అల్లుడు అంకితము వేంకట నరసింగరావుగారు దానిని నడిపి 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. వేధశాలలలో నక్షత్రము చూచువారు గడియారమును మాటిమాటికి త్రిప్పరు. అది యెంత తప్పినదో, దినమున కెంత తప్పుచున్నదో పుస్తకములో వ్రాసికొందురు. ఓడలలోను అంతే. నేడు భారత ప్రామాణిక కాలమును పోషించు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారి సీసియము గడియారములు సైతము ప్రపంచకాలముతో ఎన్ని నానోసెకండ్లు తేడాపడినవో పారిసు ప్రక్కనున్న అంతర్జాతీయ తూనికల కొలతల కార్యాలయము నెలనెల ప్రకటించుచున్నది. అంత గొప్ప గడియారమునకు లేని సిగ్గు మన బడి గంటకేల? ద్వారమువారి వంటి విద్వాంసులు సైతము సభలో కూర్చుండి, అందఱును వినుచుండగనే ఫిడేలును శ్రుతి చేసికొనిరి గదా.

ఒక సోమవారము ప్రార్థనవేళ కుఱ్ఱవాడు పిల్లలయెదుట నిలిచి జరిగినది చెప్పెను. గొంతు వణకినదట. ఎవరును నవ్వలేదు. పిమ్మట ప్రధానోపాధ్యాయునితోగూడ ఎగువ పల్లెకు పోయి, బడి మానిన పిల్ల తండ్రితోను అదే చెప్పెను. ఆయన చాలసేపు ఊరకుండి, “మా పిల్ల అప్పుడే చెప్పింది బాబూ, గంట ఆలస్యంగా కొడుతున్నారని, మేమే నమ్మలేదు” అనెను. సంక్రాంతి వెనుక పిల్ల బడికి వచ్చినది.

ఇప్పుడచ్చట డి.ఎస్. 3231 అను చిప్పు ఉన్నది. అది నిమిషమునకు కొంచెము మించిన కాలమున కొకసారి తన వేడిని తానే కొలిచికొని, ఆ మేరకు స్ఫటికమును దిద్దుకొనును. ఏడాదికి తేడా ఒక నిమిషమునకు అటునిటు. సెకండ్ల అంకెను తీసివేసిరి. గడియారము క్రింద మేకుకొక నోటుపుస్తకము వ్రేలాడును. ప్రతి సోమవారము ఎనిమిదవ తరగతివారు ఫోనుతో పోల్చి తేడా వ్రాయవలెను. మేము పోయినప్పుడు పుటలు త్రిప్పి చూచితిమి. ఒక సెకండు, ఒక సెకండు, రెండు సెకండ్లు. ఒక వారమున మాత్రము అంకె లేదు, దాని స్థానమున పిల్లల చేతివ్రాతలో “వాన. చూడలేదు” అని యున్నది.