దానమా, ఋణమా?

దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టరాదని లోకోక్తి. ఒకరు దాత, మరొకరు ప్రతిగ్రహీత అయినచోట వస్తువు మంచిచెడ్డలు విచారించడం మర్యాద కాదన్నది అందులోని లోకజ్ఞానం. నేరారోపణకు గురైన పేదవానికి ప్రభుత్వం ఉచితంగా సమకూర్చే న్యాయవాది విషయంలో ఈ లోకోక్తి వర్తిస్తుందా అన్నది ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న. పారితోషికం ఎంత, న్యాయవాదులు ఎందరు అనే పరిపాలనా సంబంధమైన ప్రశ్నలన్నీ దాని తరువాతివే.

ఈ విషయంలో భాష చరిత్రకు మంచి సాక్షి. కోర్టు రుసుము చెల్లించలేని వాదిని 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతి ‘పాపర్’ అన్నది. తన పేదరికాన్ని విచారణలో నిరూపించుకొన్న తరువాతనే అతడు తన హక్కును గురించి నోరు విప్పగలిగేవాడు. 1976లో ఆ పదాన్ని తొలగించి కొంత గౌరవప్రదమైన పదాన్ని చేర్చారు. అదే సంవత్సరం 42వ సవరణ ద్వారా ఉచిత న్యాయ సహాయాన్ని గురించిన 39ఎ అధికరణం రాజ్యాంగంలో చోటు చేసుకొన్నది. పౌరుల స్వేచ్ఛలు స్తంభించిన అత్యవసర పరిస్థితి కాలంలోనే పేదల న్యాయానికి ఈ హామీ లభించడం చరిత్రలోని వైచిత్రి. అయితే అది ఆదేశిక సూత్రం మాత్రమే. కోర్టుకెక్కి అమలు పరచుకొనదగిన హక్కు కాదు.

దానికి హక్కు రూపం ఇచ్చింది 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు. ఆరోపించిన నేరానికి చట్టం విధించగల గరిష్ఠ శిక్షకన్న ఎక్కువకాలం విచారణ లేకుండానే బీహారు చెరసాలల్లో గడిపినవారు ఉన్నారని అప్పుడు దేశానికి తెలిసివచ్చింది. న్యాయమూర్తి పి.ఎన్.భగవతి ఉచిత న్యాయ సేవను 21వ అధికరణంలోని జీవించే హక్కుతో ముడివేశారు. ఖజానాలో ధనం లేదన్న సాకు చెల్లదని, న్యాయవాదిని పొందే హక్కు ఉన్నదని ముద్దాయికి తెలియజెప్పడం మేజిస్ట్రేటు విధి అని 1981లో భాగల్పూరు ఖైదీల కేసులో సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది.

ఈ వరుసలో అంతగా ప్రచారం పొందని ఒక కేసు అన్నిటికన్న ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అరుణాచల్ ప్రదేశ్ ఇంకా కేంద్రపాలిత ప్రాంతంగా ఉన్న రోజుల్లో, బదిలీ ఉత్తర్వులు రద్దు చేయమని ఒక ఇంజనీరును బెదిరించారన్న ఆరోపణపై కొందరిని విచారించారు. ముద్దాయికి వకీలు లేడు. సాక్షులను ఎదురు ప్రశ్నించడం అతనికి చేతకాలేదు. శిక్ష పడింది. ఉన్నత న్యాయస్థానంలో అప్పీలు చేసుకొంటే, న్యాయ సహాయం కావాలని అతడు అడగనే లేదు గనుక విచారణలో దోషం లేదన్నారు. ఆ శిక్షను 1986లో సర్వోన్నత న్యాయస్థానం కొట్టివేసింది. హక్కు ఉన్నదని తెలియనివాడు ఎట్లా అడుగుతాడు? దానానికి యాచన అవసరం. ఋణానికి కాదు. అప్పు తీర్చవలసినవాడు ఋణదాత వచ్చి అడగలేదని తప్పించుకోజాలడు.

నేర విచారణలో ఉచిత న్యాయవాది ప్రభుత్వం తీర్చవలసిన ఋణమే ఎందుకయింది? ఇద్దరు వ్యక్తుల ఆస్తి తగాదాలో ప్రభుత్వం మూడవ మనిషి. నేర విచారణలో అది స్వయంగా ఒక పక్షం. అరెస్టు చేసే పోలీసు, నివేదికలిచ్చే ప్రయోగశాల, వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటరు, అందరూ ప్రజాధనంతో పనిచేసేవారే. ఇంత బలగంతో ఒక మనిషిని బోనులో నిలబెట్టిన పక్షమే అతని చేతికి డాలు అందించడం ఔదార్యం అనిపించుకోదు. అది తన చర్యకు తాను చెల్లించవలసిన మూల్యం.

నేరస్థుని కోసం ప్రజాధనం వెచ్చించడమేమిటన్న ఆక్షేపణ ఒకటి ఉన్నది. బాధితుని వేదన దృష్ట్యా దానిని తేలికగా తోసివేయరాదు. కాని ఆ మాటలో ‘నేరస్థుడు’ అన్నది తీర్పు తరువాత రావలసిన పదం. 2022 డిసెంబరు చివరినాటికి దేశంలోని చెరసాలల్లో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వీరి విషయంలో ఆ పదం ఇంకా ఎవరూ ఉచ్చరించలేదు.

ఋణమని అంగీకరిస్తే పళ్ళు లెక్కపెట్టక తప్పదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. నిర్బంధంలో ఉన్న ప్రతివ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అది న్యాయవాదిని ఇస్తుంది. కాని సొంత కక్షిదారులపై ఆధారపడి బ్రతికే ప్యానెల్ న్యాయవాదికి స్వల్ప పారితోషికంతో వచ్చే ఈ కేసు తరచుగా చివరి కేసు అవుతుంది. మధ్యప్రదేశ్‌లో మరణశిక్ష పడిన ఒక కేసులో న్యాయవాదిని నియమించిన రోజే అభియోగాలను నమోదు చేశారు. కాగితాలు చదవడానికైనా ఆయనకు వ్యవధి లేదు. 2019లో ఆ తీర్పును రద్దుచేస్తూ సర్వోన్నత న్యాయస్థానం, యావజ్జీవం లేదా మరణశిక్ష పడగల కేసుల్లో కనీసం 10 ఏళ్ళ అనుభవం గలవారిని పరిగణించాలని, సిద్ధం కావడానికి సాధారణంగా 7 రోజులైనా ఇవ్వాలని చెప్పింది.

జాతీయ న్యాయ సేవల అధికార సంస్థ 2022లో రూపొందించిన డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి ఈ లోపానికి సరైన మందు. ఇందులో న్యాయవాదులు పూర్తికాలం ముద్దాయిల పక్షానే పనిచేస్తారు. సొంత కేసులు పట్టరాదు. అయితే వీరు ఒప్పందంపై నియమితులైనవారు. వీరిపై పర్యవేక్షణ జిల్లా న్యాయ సేవాధికార సంస్థది, దాని అధ్యక్షులు జిల్లా న్యాయమూర్తి. తాను ఎవరి ఎదుట గట్టిగా అభ్యంతరం చెప్పవలసి ఉన్నదో వారి సంస్థయే తన పనిని బేరీజు వేస్తుందన్న స్పృహ ఎంత ధీమంతునికైనా ఒక క్షణం మాట తడబడేట్లు చేయవచ్చు. ఇది న్యాయమూర్తులపై శంక కాదు, ఏర్పాటులోని చిక్కు. ప్రాసిక్యూటర్లకు ప్రత్యేక డైరెక్టరేటు ఏర్పరచేందుకు 2005లోనే క్రిమినల్ ప్రక్రియా స్మృతిని సవరించారు. 2024 జూలైలో దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత దానిని జిల్లాల దాకా విస్తరించింది. బోనుకు ఇవతల నిలిచే న్యాయవాదికి మాత్రం అటువంటి సొంత ఇల్లు ఇంకా ఏర్పడలేదు.