ఒడ్డు దగ్గరి రాళ్లు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో కాపురముండు మనకు సముద్రముతో పరిచయము తక్కువ. చెరువులు, బావులు, సోమశిల జలాశయము, తూర్పుగా పారు పెన్న, ఇవే మనమెరిగిన నీళ్లు. ఆ పెన్న పోయి కలియు సముద్రమును మనలో అనేకులు ఏ పండుగకో పబ్బానికో ఒకటి రెండు సార్లు చూచినవారమే. కాబట్టి ఒక ప్రశ్న అడుగుదుము. చిన్న తెరచాప నావను ఒంటరిగా నడుపువానికి ఎక్కువ అపాయము ఎక్కడ? ఒడ్డు వెంబడి పోవునప్పుడా, నడిసముద్రములోనా? నడిసముద్రములోనే అందుము. మేమును చాలకాలము అట్లే అనుకొంటిమి.

నావలను ఎరిగినవారు వేరుగా చెప్పుదురు. నడిసముద్రములో గాలి నావను ఎంత దూరము నెట్టినను తగులుటకు ఏమియు ఉండదు. ఒడ్డు దగ్గరనో, నీట మునిగిన రాళ్లుండును, ఇసుకతిప్పలుండును, చేపల వలలుండును, రేవులకు వచ్చిపోవు పెద్ద ఓడలుండును. గాలి నేలవైపు తిరిగెనా, నావకు తప్పుకొనుటకు చోటు చాలదు. ఒంటరివాడు నిద్రపోవలెను గదా! కనుచూపు మేరలో లేని ఓడ ఇరువది నిమిషములలో మీదికి రావచ్చును. అందుచేత తీరము వెంబడి పోవువాడు గడియారము గంట పెట్టుకొని, పది పదునైదు నిమిషములు కునికి, లేచి నలుదిక్కులు చూచి, మరల కునుకును. సముద్రము లోపలికి పోయిన తరువాతనే అతడు కొంత నిలుకడగా నిద్రపోగలడు.

మన తీరమునే చూడుడి. దుగరాజపట్నము దగ్గర సముద్రములో ఆర్మగాన్ అను ఇసుకతిప్పలున్నవి. వాటి విషయము ఓడలను హెచ్చరించుటకు ఆ తీరమున దీపస్తంభము నిలిపిరి. దీపస్తంభములను నడిసముద్రములో కట్టరు. అపాయమున్న చోటనే, అనగా ఒడ్డుననే, కట్టుదురు. మద్రాసులో రేవు కట్టడము 1870ల దశకములో మొదలు కాకమునుపు, ఇంగ్లండు నుండి వేల మైళ్లు వచ్చిన ఓడలు దూరమున లంగరు వేసెడివి. మనుష్యులు అక్కడనుండి మసూలా పడవలలో, అనగా మేకులు లేక నారతాళ్లతో కుట్టిన బల్లల పడవలలో, విరిగిపడు అలల మీదుగా ఒడ్డు చేరవలెను. మహాసముద్రము దాటివచ్చినవారు ఆ చివరి కొద్ది దూరమునకే భయపడెడివారు.

ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి భారతీయుడు మన నౌకాదళ అధికారి కమాండర్ దిలీప్ దోండే. ఆయన 2009 ఆగస్టు 19న ముంబయి నుండి 'మాదేయి' అను 56 అడుగుల తెరచాప నావలో బయలుదేరి, నాలుగు రేవులలో మాత్రమే ఆగి, 2010 మే నెలలో తిరిగివచ్చెను. అంతకు ముందు ఆ నావలోనే తోటివారితో కూడ మారిషస్ వరకు పోయి, వచ్చునప్పుడు ఒంటరిగా గోవాకు నడుపుకొని వచ్చెను. ముందు తోడుతో, తరువాత ఒంటరిగా, ఆ తరువాతనే లోకమంతటి చుట్టు. ఆ చిన్న ఒంటరి ప్రయాణములో మెప్పు లేదు. అయినను అది లేక పెద్దది లేదు.

మన తెలుగు ఆడుబిడ్డలిద్దరి సంగతి కూడ చెప్పవలెను. విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి, మరి నలుగురు నౌకాదళ అధికారిణులతో కలిసి 'తారిణి' అను నావలో 2017 సెప్టెంబరు 10న గోవా విడిచి, భూమిని చుట్టి, 254 దినములకు, 2018 మే 21న గోవా చేరిరి. వారు ఒంటరివారు కారు, ఆరుగురు. దక్షిణ అమెరికా కొననున్న హార్న్ అగ్రము నావికులందరు భయపడు చోటు. దానిని వారు దాటిరి. ఇంటి ముఖము పట్టిన చివరి మజిలీలో చుక్కాని యంత్రము చెడగా మారిషస్ రేవులో ఆగి బాగుచేయించుకొనవలసి వచ్చెను. ఇక ఇల్లు చేరినట్లే అని మనము అనుకొను చోటనే వారికి కొత్త పని పడెను.

ఇప్పుడు పౌలు ప్రయాణము చదువుడి. ఊరకులోను అను పెనుగాలి కొట్టినప్పుడు ఆ ఓడవారు అందరు ఒక్కటిగా పాటుపడిరి. ఓడకు త్రాళ్లు చుట్టి బిగించిరి, సరకులు పారవేసిరి. పదునాలుగవ రాత్రి ఏదో ఒక దేశము దగ్గరపడుచున్నదని వారికి తోచెను. బుడుదు వేసి చూడగా ఇరువది బారలు. మరికొంత దూరము పోయి వేయగా పదునైదు బారలు. రాళ్లకు కొట్టుకొందుమేమో అని నాలుగు లంగరులు వేసిరి. అప్పుడేమి జరిగెనో గమనింపుడి. నేల దగ్గరపడగానే ఓడవారు లంగరు వేయు నెపముతో చిన్న పడవ దింపి, అందరిని విడిచి పారిపోజూచిరి. తెల్లవారి ఓడ ఒడ్డున తగిలినప్పుడు సైనికులు ఖైదీలను చంపజూచిరి. తుపానులో కలుగని ఆలోచనలు ఒడ్డు దగ్గర కలిగెను. రెండువందల డెబ్బది ఆరుగురు ప్రాణములతో బయటపడిరి గాని, గాలి తగ్గుటచేత కాదు. మెలకువగానున్న పౌలు సమయమునకు మాట చెప్పెను. శతాధిపతి సమయమునకు చెయ్యి అడ్డుపెట్టెను.

మా ఇంటి సంగతి ఒకటి దాచక వ్రాయుదుము. కొన్ని సంవత్సరముల క్రిందట మా చిన్న కుమారునికి జ్వరము ముదిరి, నెల్లూరులో ఆస్పత్రిలో పదునెనిమిది దినములు ఉంటిమి. బయలుదేరు రాత్రి మా వీధిలోని ఒక విధవరాలు గేదెను అమ్మిన సొమ్ములోనుండి ఐదువేల రూపాయలు మా చేతిలో పెట్టి, "అన్నా, ముందు బిడ్డ సంగతి చూడు. దుడ్ల సంగతి తర్వాత" అనెను. ఆ పదునెనిమిది దినములు మేము నిద్రపోలేదు, ఒకరిపై ఒకరము విసుగుకొనలేదు. సంఘమంతయు ప్రార్థించెను. బిడ్డ బ్రదికెను. కృతజ్ఞతా కూడిక పెట్టి, భోజనములు పెట్టి, సాక్ష్యము చెప్పితిమి.

ఆ ఐదువేలు మాత్రము ఇయ్యలేదు. పంట వచ్చెను, ఇంటి కప్పుకు రేకులు వేసితిమి. వచ్చే నెల అనుకొంటిమి. ఆమె అడుగలేదు. క్రమముగా మేము ఆమె వాకిటి ముందు నడుచుట మానుకొని, మరియొక సందు గుండా గుడికి పోసాగితిమి. ఒక ఆదివారము ఆ బిడ్డయే, "నాయనా, ఇటు పోతే దగ్గర గదా, చుట్టూ తిరిగి ఎందుకు పోతున్నాం?" అని అడిగెను. అది మాకు బుడుదు. లోతు తగ్గిపోయినదని అప్పుడు తెలిసెను. మరునాడు సొమ్ము తీసికొనిపోయి ఇచ్చితిమి. ఆలస్యమైనదని ఆమె అనలేదు. "బిడ్డకు ఒళ్లు బాగుందా?" అని మాత్రము అడిగెను. ఏ గద్దింపు కంటెను ఆ మాట మాకు బరువాయెను. చావుబ్రతుకుల సముద్రము దాటినవారము ఐదువేల రూపాయల రాతికి తగిలితిమి.

పెద్ద శ్రమలే గదా మనుష్యుని పరీక్షించునది అని కొందరందురు. అది నిజమే. గాని పెద్ద శ్రమలో భయమే మనలను మేల్కొలుపును. పదిమంది తోడుందురు, సంఘము ప్రార్థించును. చేని గట్టు విషయములో, అప్పు విషయములో, భార్యతో మాటలాడు మాటలో మనకొరకు ఎవరు ప్రార్థింతురు? అక్కడ మనము ఒంటరివారము, కావలి మనదే. నేల కనబడుచున్నది గదా అని అక్కడనే నిద్రపోవుదుము.

నావికుడు తీరమును విడిచి పోవలసినవాడే. ఒడ్డుననే ఉండుమని మేము చెప్పుట లేదు. గాని అతడు తీరము వెంబడి ఒంటరిగా పోయి నేర్చుకొనునది చేతిబలము కాదు, మెలకువ. కొద్దిగా కునికి, లేచి చూచుట. లోతు తగ్గెనని తెలియగానే లంగరు వేయుట. సిగ్గుపడి ఆగక దారి మార్చుకొనుట. ఈ నెలలో మనలో ప్రతివాడును తన ఇంటి చుట్టు ఒకసారి బుడుదు వేసి చూచునుగాక. ఎవరి వాకిలి తప్పించుకొని నడుచుచున్నామో, అక్కడనే రాయి ఉన్నది. ఈ సాయంకాలమే ఆ వీధిని పోవుదము.