పరిహాసానికి పలికినవాడు

1980లో ‘శంకరాభరణం’ సినిమా వచ్చాక మద్రాసులో మా నాన్నగారికి భోజనం సవ్యంగా సాగేది కాదు. ఆయన బ్యాంకులో గుమాస్తా. పేరు విశ్వనాథ్, ఇంటిపేరు ‘కె’తో మొదలు, రెండూ ఆ సినిమా దర్శకుడి లాగే, ఇల్లు టీ నగర్‌లో. టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసే కుర్రాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? ఎవరు చేస్తున్నారో చూపించే ఫోన్లు కావవి. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం మోగిందంటే అవతల కిసకిసలే. ‘‘డైరెక్టరు గారేనాండీ?’’

‘‘కాదు నాయనా, బ్యాంకు విశ్వనాథాన్ని’’ అని పెట్టెయ్యొచ్చుగా? ‘‘అయినా చెప్పు’’ అనేవారు. ఒకడు ఆ సినిమా పాటే ఎత్తుకుని, కావాలని గొంతు వణికిస్తూ సాగదీశాడు. వెనక వాడి జట్టు నవ్వు మాకూ వినబడుతోంది. నాన్నగారు ఎంగిలిచెయ్యి ఎండిపోతుంటే ఎడమచేత్తో రిసీవరు పట్టుకుని చివరిదాకా విని, ‘‘పైకి వెళ్ళినచోట శ్రుతి జారింది. అక్కణ్ణుంచి మళ్ళీ అందుకో’’ అన్నారు. నవ్వులు ఆగాయి. వాడు మళ్ళీ పాడాడు. గొంతులో వణుకు అప్పుడూ ఉంది గానీ, అది వేరే వణుకు.

ఆటకు పిలిచిన పిలుపు పిలుపేనా? భాగవతం ఆరో స్కంధం (తెలుగులో ఇది పోతన గారిది కాదు, ఏర్చూరి సింగనది) అవుననే అంటుంది. అజామిళుడు చావుమంచం మీద నారాయణా అని కేకేసింది కొడుకుని, వచ్చినవాళ్ళు విష్ణుదూతలు. యమదూతలు అడ్డం తిరిగితే విష్ణుదూతలు చెప్పిన న్యాయం ఇది: వేరొకరిని ఉద్దేశించి అన్నా, వేళాకోళానికి అన్నా, పాటలో ఊతగా అన్నా, చులకనగా అన్నా హరినామం హరినామమే. మా కుర్రాడి ఫోనులో ఆ నాలుగూ ఉన్నాయి, ఒక్క హరి తప్ప.

అదే భాగవతం పదకొండో స్కంధానికి వచ్చేసరికి మాట మారుస్తుంది. యాదవ కుర్రాళ్ళు సాంబుడికి చీర కట్టి, గర్భవతిలా మునుల ముందు నిలబెట్టి, పుట్టేది మగపిల్లాడేనా అని అడిగారు. కులాన్ని నాశనం చేసే ముసలం (రోకలి) పుడుతుందన్నారు మునులు. దాన్ని అరగదీసి సముద్రంలో కలిపినా కులం మిగల్లేదు.

నామానిది నిప్పులాంటి గుణం, తెలిసి తాకినా తెలియక తాకినా కాలుస్తుంది అని పెద్దలు సమర్థిస్తారు. బాగానే ఉంది. కానీ నాకు కనబడే తేడా వేరు. అజామిళుడు ఎవరినీ పరీక్షించలేదు. ద్వారక పిల్లలు ఈ మునులకు నిజంగా తెలుసో లేదో చూద్దామనుకున్నారు. ఫోను కుర్రాళ్ళదీ అదే బుద్ధి: ఎత్తింది నిజంగా ఆయనేనా? అవతలివాడు మనిషన్న సంగతి ఆ క్షణంలో వాళ్ళకి అక్కర్లేదు. అందుకని మునుల కోపాన్ని నేను తప్పుపట్టలేను. శిక్ష కులం మొత్తానికి పడడం మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నాన్నగారిది ఆరో స్కంధం పక్షం. పిలిచినవాడి మనసు సంగతి మనకెందుకు, పిలుపు వచ్చింది కదా అనేవారు. అమ్మ ఒప్పుకునేది కాదు. ‘‘అంతటి విష్ణుమూర్తీ తాను కదల్లేదు, దూతల్ని పంపాడు. కంచం ముందునుంచి లేచేది మీరొక్కరే’’ అనేది.

దీనికి నాన్నగారి దగ్గర జవాబు లేదు. మళ్ళీ ఫోను మోగితే మాత్రం లేచేవారు.