వదలివేయడమూ ధర్మమే

కోల్‌కతాకు దక్షిణాన, నరేంద్రపూర్ సమీపంలో సుమారు 17 ఎకరాల పాత పండ్లతోట ఉంది. మానవుడు తనకై నాటుకొన్న మామిడి, పనస చెట్లు కాలక్రమాన పక్షులకు ఆవాసమయ్యాయి. 1982లో అది అభయారణ్యమైంది. దాని పరిరక్షణకై కృషిచేసిన శిల్పి చింతామణి కర్ 2005లో మరణించగా, ఆ వనానికి ఆయన పేరు పెట్టారు.

ఉదయవేళ ఆ బాటలో నడిచేవారికి వడ్రంగిపిట్ట ఎండుమ్రానును తొలుస్తూ కనిపిస్తుంది. మన దృష్టిలో ఆ మ్రాను వంటచెరకు. పిట్టకు అదే గూడు. నిలువనీడ లేని జనులున్న మహానగరంలో ఇంత నేలను పక్షులకు విడిచిపెట్టడం న్యాయమా అనే ప్రశ్న సహజమే. అయితే పేదవానికి ఇల్లు దక్కకపోవడానికి మూలం మనుషుల మధ్యనున్న అసమానతలోనే ఉంది. ఆ దోషానికి పక్షిని శిక్షించడం తగదు.

అశోకుడు తన ఐదవ స్తంభశాసనంలో చిలుకలను, గోరువంకలను చంపరాదనీ, నిష్కారణంగా అడవులను తగులబెట్టరాదనీ ఆదేశించాడు. రాజధర్మంలో నిర్మాణానికి ఎంత స్థానముందో నిగ్రహానికీ అంతే ఉన్నదని ఆ శాసనం తెలుపుతుంది. శిలను ఉలితో మార్చడమే వృత్తిగా గల శిల్పి సైతం ఈ తోట ఉన్నదున్నట్లు నిలవాలని తపించారు. చేయగల శక్తి ఉండీ చేయకుండా ఆగడం సంయమనం. దానికి చోటిచ్చినప్పుడే మన ప్రగతికి ధర్మబలం చేకూరుతుంది.