మందు మీద మన సాక్ష్యం

హిజ్రీ 3వ సంవత్సరం ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) ముఖానికి గాయమైంది. హజ్రత్ అలీ (ర) నీళ్ళు పోస్తుంటే హజ్రత్ ఫాతిమా (ర) గాయాన్ని కడిగారు. నీళ్ళతో రక్తం ఆగకపోగా ఇంకా ఎక్కువ కావడం చూసి, చాప ముక్కను కాల్చి ఆ బూడిదను గాయానికి అద్దారు. రక్తం ఆగింది. సహీహ్ బుఖారీలోని ఈ సంఘటనలో మనకు రెండు పాఠాలున్నాయి. చికిత్స చేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒకటి పనిచేయడం లేదని కళ్ళారా చూసినప్పుడు దాన్ని వదిలి మరొకటి వెదకడమూ విశ్వాసలోపం కాదు.

అయినా మన ఇళ్ళలో ఒక ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది. "పసుపు, వేప, కలబంద, గడ్డిచేమంతి పసరు తాతముత్తాతల నుండి గాయాలకు వాడుతున్నాం. వాటికి మళ్ళీ పరీక్షలెందుకు? షిఫా ఇచ్చేవాడు అల్లాహ్ కదా?"

షిఫా నిస్సందేహంగా అల్లాహ్‌దే. కాని "ఈ ఆకుతో గాయం మానుతుంది" అనే మాట మాత్రం మనది. అది ఒక సాక్ష్యం. తెలియని విషయం వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ విచారణ జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ (బనీ ఇస్రాయీల్: 36) హెచ్చరిస్తోంది.

చిన్న గాయం చాలావరకు దానంతటదే మానుతుంది. ఆ శక్తిని సృష్టికర్త శరీరంలోనే ఉంచాడు. ఆకు పెట్టాం, వారానికి మానింది. ఆకు వల్ల మానిందా, పెట్టకపోయినా మానేదా? ఒకే తీరు గాయాలలో కొన్నిటికి పసరు, కొన్నిటికి పసరు కలపని లేపనం, మరికొన్నిటికి ఇప్పటికే రుజువైన మందు రాసి, ఏది ఎన్ని రోజులకు మూసుకుందో కొలిస్తేనే తెలుస్తుంది. ఇది నేటివారు కనిపెట్టిన నియమం కాదు. ఒక మందు ఫలితం ఎల్లప్పుడూ గాని, అత్యధిక సందర్భాలలో గాని కనిపించాలని, లేకుంటే దాన్ని యాదృచ్ఛికంగానే భావించాలని ఇబ్నె సీనా (980-1037) తన 'ఖానూన్'లో షరతు పెట్టారు.

గాయాలకు పసుపు వాడటంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును మన దేశ శాస్త్రవేత్తలు పాత గ్రంథాలు చూపి 1997లో రద్దు చేయించారు. ఆ వాడకం పాతదని రుజువైంది. అది ఏ గాయాన్ని ఎంత మేరకు మానుస్తుందన్నది వేరే ప్రశ్న. ప్రాచీనత వేరు, ప్రయోజనం వేరు.

అయితే పరీక్షించేవారికీ హద్దులున్నాయి. ఇలాంటి మందులను ముందుగా ఎక్కువగా ఎలుకలకు గాయం చేసి పరీక్షిస్తారు. ప్రాణమున్న జీవిని గురిపెట్టి కొట్టే లక్ష్యంగా చేసుకోవడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీకి నరకశిక్ష పడిందని తెలిపారు. కాబట్టి నిజమైన అవసరం ఉండాలి, మత్తు ఇచ్చి బాధ తగ్గించాలి, తక్కువ జీవులతో సరిపెట్టాలి. ఇప్పటికే తేలిన విషయాన్ని కేవలం పట్టా కోసం మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తే ఆ మూగజీవాల బాధకు అల్లాహ్ సన్నిధిలో ఏమని జవాబు చెబుతాం? మందు పనిచేయలేదని తేలితే ఆ ఫలితాన్ని దాచడమూ అబద్ధ సాక్ష్యం వంటిదే.

ఇక ఇంటి సంగతి. షుగర్ ఉన్నవారిలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గిపోతుంది. పుండు లోపల ముదురుతున్నా నొప్పి తెలియదు. "మా అమ్మీ ఇదే కట్టేది" అని పసరు కట్టి వారాలు గడిపితే కాలే పోగొట్టుకోవలసి రావచ్చు. మట్టి అంటిన ఆకుతో ధనుర్వాతం క్రిములూ గాయంలో చేరవచ్చు. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడే జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసు (అబూదావూద్) తెలుపుతోంది. ఆ మాట హకీములకే కాదు, ప్రేమతో సలహా ఇచ్చే మనందరికీ వర్తిస్తుంది.

ప్రతి వ్యాధికీ మందు ఉందని, ఆ మందు వ్యాధికి సరిగ్గా తగిలినప్పుడు అల్లాహ్ అనుమతితో నయమవుతుందని ప్రవక్త (స) బోధించారు. ఏ మందు దేనికి తగులుతుందో వెదకడం మన వంతు. తెలిసినంతే చెప్పి, తెలియనిచోట మౌనం వహించే నిజాయితీని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.